శిలాజ పళ్లు, తొలి మానవుల వలసలు: కర్నూలు గుహలు చూసొచ్చినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం చూసొచ్చిన పిల్లలు, వాళ్ల అయ్యవార్లు, ఊరికే కుతూహలం కొద్దీ వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలివి. మాటలు వేరైనా అందరూ అడిగేది ఒకటే: ఆదిమానవుడు ఇక్కడికి ఎప్పుడు వచ్చాడు, ఆ సంగతి మీకెట్లా తెలుసు? జవాబుల్లో పన్ను మాట మళ్లీ మళ్లీ వస్తుంది. 74,000 ఏళ్లకు ముందే ఈ నేల మీద రాతి పనిముట్లు చేసింది ఎవరో తేల్చడానికి ఒక్క మనిషి పన్ను చాలు. ఆ పన్ను ఇంకా దొరకలేదు.

ఎముకలు ఉండగా శాస్త్రవేత్తలు పళ్ల వెంట పడతారెందుకు?

మిగిలేవి అవే కాబట్టి. పన్ను పైనుండే ఎనామిల్ పొరలో సుమారు 96 శాతం ఖనిజమే. శరీరంలో దానికంటే గట్టి పదార్థం లేదు. ఎముక అట్లా కాదు, అందులో మాంసకృత్తుల వాటా చాలా ఎక్కువ. మన ఎండకు, వాననీటికి, చెదపురుగులకు, నక్కలకు ఎముక తట్టుకోలేదు.

గుహల్లో ఇంకో శత్రువు ముళ్లపంది. ఎముకల్ని గవిలోకి లాక్కొచ్చి కొరుకుతూ కూర్చోవడం దానికి అలవాటు. ఆగ్నేయాసియా గుహల్లో దొరికే పళ్లలో చాలావాటికి వేళ్లు ఉండవు. ముళ్లపంది వేరు దాకా కొరికేసి, పళ్లకు లొంగని ఎనామిల్‌ను వదిలేసింది. కర్నూలు గుహల్లో కూడా పాత ముళ్లపంది శిలాజాలు దొరికాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఎముక జీవితమంతా కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్ ఒకసారి తయారైతే మారదు. చిన్నప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి, పడిన జబ్బు అందులో గుర్తులుగా నిలిచిపోతాయి.

పన్ను చూసి ఆ మనిషి వలస వచ్చాడని ఎట్లా చెప్పగలరు?

అనంతపురం జిల్లాలో ఈ సంగతి వివరించడం తేలిక. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఎనామిల్ తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగితేనే ఆ మచ్చలు పడతాయి. పెద్దయ్యాక బెంగళూరుకు వలసపోయి పాతికేళ్లు మంచినీళ్లు తాగినా అవి పోవు. పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి వచ్చినవాళ్లకు ఎముకల జబ్బు రావచ్చు గానీ పళ్ల మీద ఆ మచ్చలు రావు. పన్ను ఇప్పటి ఊరి సంగతి చెప్పదు, పెరిగిన ఊరి సంగతి చెబుతుంది.

శాస్త్రవేత్తలు వెతికేది ఇంకా సూక్ష్మమైన గుర్తు. దాని పేరు స్ట్రాన్షియం. ఇది కాల్షియంలాంటి మూలకం. రాయి నుంచి మట్టికి, మట్టి నుంచి మొక్కకు, మొక్క నుంచి మనిషికి చేరి పన్నులో కాల్షియం స్థానంలో కూర్చుంటుంది. స్ట్రాన్షియం పరమాణువుల్లో బరువు తేడా ఉన్న రకాలుంటాయి. వాటిలో 87, 86 అనే రెండింటి నిష్పత్తి రాయిని బట్టి మారుతుంది. రుబీడియం ఎక్కువగా ఉన్న పాత గ్రానైటు, నైస్ రాళ్లలో రుబీడియం క్షీణించి స్ట్రాన్షియం-87గా మారుతూ వస్తుంది, కాబట్టి ఆ నిష్పత్తి పెరుగుతుంది. సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయిలో అది తక్కువ.

రాయలసీమలో ఈ రెండు రకాల నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. అనంతపురం వైపు ఎక్కువ భాగం పాత నైస్, గ్రానైటు గుట్టలు. బేతంచెర్ల, కోవెలకుంట్ల, బెలుం, కడప వైపు సున్నపురాయి, నాపరాయి. ఒక బిడ్డ గుట్టల వైపు పుట్టి పెరిగి, పెద్దయ్యాక సున్నపురాయి గవి దగ్గర చనిపోయాడనుకుందాం. అతని ఎనామిల్ ఒక లెక్క చెబుతుంది, చుట్టూ ఉన్న మట్టి, అక్కడి ఎలుకల పళ్లు ఇంకో లెక్క చెబుతాయి. ఆ తేడాయే వలస.

ఒకే మనిషి పళ్లలో కూడా కాలం పరచుకుని ఉంటుంది. మొదటి దవడ పన్ను ఎనామిల్ పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ల లోపు తయారవుతుంది. జ్ఞానదంతానిది ఎనిమిది, తొమ్మిదేళ్లకు మొదలై పదిహేను దరిదాపుల్లో ముగుస్తుంది. రెండింటినీ పోలిస్తే పసితనంలో ఎక్కడ ఉన్నాడు, ఎదిగే వయసులో ఎక్కడ ఉన్నాడు అన్నది తెలుస్తుంది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ఒకే రకం రాయి ఉన్న రెండు దూరపు ప్రాంతాల మధ్య తేడా కనిపించదు. పన్ను మట్టిలో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న నీటి నుంచి కొత్త స్ట్రాన్షియం లోపలికి చేరవచ్చు. ఎనామిల్ దీన్ని బాగా అడ్డుకుంటుంది, దాని కింది పొర డెంటిన్ అడ్డుకోలేదు. అందుకే కొలత ఎప్పుడూ ఎనామిల్ మీదే.

ఇట్లా నిజంగా ఎవరి వలసనైనా పట్టుకున్నారా?

పట్టుకున్నారు. మన జాతి, అంటే హోమో సేపియన్స్, పుట్టకముందు వాళ్లది కూడా. దక్షిణాఫ్రికాలో స్టెర్క్‌ఫోంటైన్, స్వార్ట్‌క్రాన్స్ గుహలు ఉన్నాయి. అక్కడ దొరికిన సుమారు 20 లక్షల ఏళ్ల నాటి ఆస్ట్రలోపిథెకస్, పారాంత్రోపస్ అనే తొలి మానవ బంధువుల పళ్ల మీద 2011లో స్ట్రాన్షియం కొలిచారు. పెద్ద పళ్లు మగవాళ్లవి, చిన్నవి ఆడవాళ్లవి అనుకుని చూస్తే, పెద్ద పళ్లవాళ్లలో దాదాపు అందరూ ఆ గుహల చుట్టుపక్కలే పెరిగినవాళ్లు. చిన్న పళ్లవాళ్లలో సగానికి పైగా వేరే నేల మీద పెరిగి వచ్చినవాళ్లు. ఆడవాళ్లు పుట్టిన గుంపు వదిలి ఇంకో గుంపులోకి వెళ్లేవారన్నది పరిశోధకుల అంచనా. చింపాంజీల్లో ఇప్పటికీ అదే పద్ధతి. పనిముట్లు గాని, పుర్రెలు గాని ఈ సంగతి ఎన్నటికీ చెప్పలేవు.

తిండి గురించి ఏం తెలుస్తుంది? దానికీ వలసకూ సంబంధమేంటి?

జొన్న, సజ్జ, కొర్ర, రాగి ఒక పద్ధతిలో కార్బన్‌ను పట్టుకుంటాయి. వరి, చెట్ల కాయలు, అడవి దుంపల్లో చాలావరకు ఇంకో పద్ధతి. ఆ తేడా తిన్నవాళ్ల ఎనామిల్‌లోకి దిగుతుంది. సంగటి తిని పెరిగిన బిడ్డ పన్నుకూ వరన్నం తిని పెరిగిన బిడ్డ పన్నుకూ ప్రయోగశాలలో తేడా కనబడుతుంది.

ఈ పద్ధతి శ్రీలంకలో ఒక పాత అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. దట్టమైన వానల అడవి మనిషికి గోడలాంటిదని, ఆఫ్రికా నుంచి బయల్దేరినవాళ్లు సముద్రతీరం, పచ్చిక మైదానాలు పట్టుకునే నడిచారని చాలామంది అనుకునేవారు. శ్రీలంక గుహల్లోని మనుషుల పళ్లను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 20,000 ఏళ్ల కిందటి నుంచీ వాళ్లు ప్రధానంగా అడవి తిండి మీదే బతికారని తేలింది. అడవిని దాటుకుంటూ పోయినవాళ్లు కారు, అందులో కాపురమున్నవాళ్లు. వలసదారుల పటం గీసేటప్పుడు అడవుల్ని ఖాళీగా వదిలేయడానికి ఇక వీల్లేదు.

తల్లి పాలు ఎన్నేళ్లు తాగాడో కూడా తెలుస్తుందంటారు, నిజమేనా?

నిజమే. ఎనామిల్ రోజుకో సన్నని గీత చొప్పున పెరుగుతుంది. పుట్టిన రోజు కూడా ఒక గీతగా పడుతుంది. తల్లి పాలు తాగే కాలంలో బేరియం ఎక్కువ, మాన్పించాక తగ్గుతుంది. ఫ్రాన్స్‌లోని పేయ్ర్ దగ్గర దొరికిన సుమారు 2,50,000 ఏళ్ల నాటి నియాండర్తల్ (మనకు దగ్గరి చుట్టమైన, అంతరించిపోయిన మానవ జాతి) బిడ్డ రెండున్నరేళ్ల దాకా పాలు తాగినట్టు 2018లో ఇట్లాగే లెక్కగట్టారు.

ఇదంతా ఒక్కో మనిషి బతుకు. మానవజాతి మొత్తం ఎటు నడిచిందో పళ్లు ఎట్లా చెబుతాయి?

అక్కడ పన్ను ఆకారం ముఖ్యం. మన పళ్లకూ నియాండర్తల్ పళ్లకూ గడ్డల అమరికలో, లోపలి గుజ్జు గది వెడల్పులో, ఎనామిల్ కింది ఉపరితలం మలుపుల్లో తేడాలున్నాయి. పైభాగం అరిగిపోయినా ఎక్స్-రే స్కాన్‌తో లోపలి ఆకారాన్ని చూడగలరు. ఏ జాతి పన్నో, ఎక్కడ దొరికిందో, దాని వయసెంతో ఈ మూడూ గట్టిగా తేలితే పటం మీద ఒక చుక్క పెట్టవచ్చు.

ఇజ్రాయెల్‌లోని మిస్లియా గుహలో పళ్లతో సహా పైదవడ ముక్క దొరికింది. అది మన జాతిదే. వయసు 1,77,000 నుంచి 1,94,000 ఏళ్ల మధ్య. మనవాళ్లు ఆఫ్రికా దాటి బయటికి అంత ముందే అడుగుపెట్టారని 2018లో దాంతో తెలిసింది. ఫ్రాన్స్‌లో మాండ్రిన్ గుహ ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కడ సుమారు 54,000 ఏళ్ల నాటి పొరలో మన జాతి బిడ్డ పాలపన్ను ఒకటి దొరికింది. దాని కింది పొరలోనూ పై పొరలోనూ నియాండర్తల్ పళ్లు ఉన్నాయి. అంటే మనవాళ్లు వచ్చారు, కొంతకాలం ఉన్నారు, పోయారు. తర్వాత ఆ గుహ మళ్లీ నియాండర్తల్‌లదైంది. వలస అంటే ఒకేసారి పొంగి ముందుకు సాగిన వరద అనుకునేవాళ్లు ఈ పాలపన్ను గురించి తప్పక తెలుసుకోవాలి. రావడాలు, ఓడిపోవడాలు, మళ్లీ రావడాలు చాలాసార్లు జరిగాయి.

ఇక తూర్పు దారి. సుమత్రా దీవిలో లిడా అజెర్ గుహ నుంచి డచ్ వైద్యుడు యూజీన్ డుబోయి 19వ శతాబ్దం చివర్లో రెండు మనిషి పళ్లు తెచ్చాడు. అవి నూరేళ్లకు పైగా పెట్టెలో ఉండిపోయాయి. ఆ గుహను మళ్లీ వెతికి పట్టుకుని, పొరల వయసు కొలిచి, అవి 73,000 నుంచి 63,000 ఏళ్ల నాటివని 2017లో ప్రకటించారు. ఆఫ్రికా నుంచి సుమత్రాకు నేల మీద నడిచి పోయినవాళ్లు భారతదేశాన్ని తాకకుండా పోవడం కష్టం.

అయితే జ్వాలాపురం బూడిద కింద పనిముట్లు చేసినవాళ్లు మన జాతివాళ్లేనా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే.

సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కింద పేలింది. గత 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు లేదు. దాని బూడిద గాలిలో కొట్టుకొచ్చి జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో పడింది. వాననీళ్లు దాన్ని పల్లంలోకి తోసి కొన్నిచోట్ల మీటర్ల మందంలో పోగేశాయి. ఆ తెల్లని బూడిదను తవ్వి అమ్ముకున్న గుంతల్లోనే పరిశోధకులకు పొరలు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం బూడిద పొర కిందా పైనా రాతి పనిముట్లు చూపిస్తూ 2007లో ఫలితాలు ప్రచురించింది. కింద, పైన పనిముట్ల తీరు పెద్దగా మారలేదు. అంత ఉత్పాతం తర్వాత కూడా మనుషులు ఇక్కడ బతికారన్నమాట.

ఎవరా మనుషులు? ఆ పనిముట్లు ఆఫ్రికాలో మన జాతి చేసినవాటికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి టోబాకు ముందే మనవాళ్లు ఇక్కడికి చేరారని పెట్రాగ్లియా బృందం వాదన. పాల్ మెల్లర్స్, ఆయన సహచరులు ఒప్పుకోలేదు. మన జాతి టోబా తర్వాతే, సుమారు 60,000 ఏళ్ల లోపు, చిన్న రాతి పలుకుల పనితనంతో వచ్చిందని, బూడిద కింద ఉన్నవాళ్లు వేరే పాత మానవులని వాళ్ల వాదన. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో ఇటువంటి, పాత రాతియుగపు నడిమి దశ పనితనం 3,85,000 ఏళ్ల కిందటే కనిపించిందని శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం 2018లో చూపించింది. అప్పటికి మన జాతి భారతదేశంలో ఉందని ఎవరూ అనరు. అంటే పనిముట్టు చూసి చేసిన చెయ్యి ఎవరిదో చెప్పడం ప్రమాదకరం.

నా అభిప్రాయం కూడా అదే. రాయి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, పన్నే చెప్పాలి. భారతదేశంలో టోబా కాలానికి చెందిన మన జాతి ఎముక గాని పన్ను గాని ఇంతవరకు దొరకలేదు. నర్మదా తీరంలో హథ్నోరా దగ్గర 1982లో అరుణ్ సోనకియా కనుగొన్నది పాత మానవుల పుర్రె పైభాగం. అందులో పళ్లు లేవు. జ్వాలాపురంలోనే ఇంకోచోట, రాతి చరియ కింద, 35,000 ఏళ్ల కిందటి నుంచి సాగిన చిన్న రాతి పలుకుల పనితనం, పూసలు, మనిషి పుర్రె ముక్కలు దొరికాయి. అవి మనవాళ్లవే గానీ బూడిద తర్వాత చాలాకాలానికి చెందినవి.

ఇంకో మెలిక ఉంది. బూడిద కింద ఉన్నది మన జాతే అని రేపు ఒక పన్ను తేల్చినా, వాళ్లు మనకు నేరుగా పూర్వీకులని అర్థం కాదు. ఇప్పుడు ఆఫ్రికా బయట ఉన్న అందరి డీఎన్‌ఏలో నియాండర్తల్ వాటా కొంత ఉంది. ఆ కలయిక సుమారు 50,000 నుంచి 43,000 ఏళ్ల కింద జరిగింది. మనలో ఎక్కువ వాటా ఆ తర్వాత వ్యాపించినవాళ్లదే. ముందొచ్చినవాళ్ల వంశం నిలవకపోయి ఉండవచ్చు, మాండ్రిన్ గుహలో మాదిరే.

పన్ను వయసు ఎట్లా కొలుస్తారు? అందులో తప్పు జరగదా?

50,000 ఏళ్ల లోపైతే రేడియోకార్బన్, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్ లెక్క. అంతకు మించితే గుహ పైకప్పు నుంచి కారి గట్టిపడిన సున్నపు పొరల్లో యురేనియం లెక్క, లేదా ఎనామిల్‌లో నేల రేడియేషన్ వల్ల చిక్కుకున్న ఎలక్ట్రాన్ల లెక్క. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ మానవుల వయసు సుమారు 3,00,000 ఏళ్లని తేల్చడానికి కాలిన చెకుముకి రాళ్లతో పాటు ఒక పన్ను కూడా సాయపడింది.

తప్పు జరిగేది ఎక్కువగా గుహల్లోనే. చైనాలోని ఫుయాన్ గుహలో 47 మనిషి పళ్లు దొరికాయని, వాటి వయసు 80,000 నుంచి 1,20,000 ఏళ్లని 2015లో ప్రకటించారు. పళ్లున్న మట్టి మీది సున్నపు పొర అంత పాతది కాబట్టి కింది పళ్లు ఇంకా పాతవే అన్నది తర్కం. 2021లో ఇంకో బృందం అదే గుహ నుంచి పళ్లు తీసి నేరుగా వాటి మీదే రేడియోకార్బన్, డీఎన్‌ఏ పరీక్షలు చేసి, వయసు 16,000 ఏళ్ల లోపే అంది. మొదటి బృందం ఆ పళ్లను, అవి దొరికిన చోటును ప్రశ్నించింది. వివాదం తెగలేదు. గుహలో వరదనీరు దూరి, పాత మట్టి కింద తొర్రలు చేసి, కొత్త వస్తువుల్ని అక్కడ పడేయగలదు. కర్నూలు గుహలు కూడా నీళ్లు కోసిన సున్నపురాయి గుహలే. ఇక్కడ ఏం దొరికినా ఈ అనుమానం ముందు తీరాలి.

డీఎన్‌ఏ తీస్తే పోలా?

మన వేడికి డీఎన్‌ఏ తొందరగా పాడవుతుంది. సైబీరియాలోని డెనిసోవా గుహ చలిలో నిలిచినట్టు కర్నూలు ఎండలో నిలవదు. అయితే ఎనామిల్‌లోని మాంసకృత్తులు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి. స్పెయిన్‌లోని అటపుయెర్కా దగ్గర సుమారు 8 లక్షల ఏళ్ల నాటి పన్ను నుంచి 2020లో, దక్షిణాఫ్రికాలో సుమారు 20 లక్షల ఏళ్ల నాటి పారాంత్రోపస్ పళ్ల నుంచి 2025లో వాటిని చదివారు. ఆడా మగా అన్నది కూడా వాటితో చెప్పవచ్చు. వేడి దేశాలకు నాకు కనిపించే పెద్ద ఆశ ఇదే.

డెనిసోవా గుహ పేరు మీద పిలిచే డెనిసోవన్‌లు అనే పాత మానవుల కథ చూడండి. వాళ్ల డీఎన్‌ఏ వాటా పపువా, ఆస్ట్రేలియా ఆదివాసుల్లో, ఫిలిప్పీన్స్ ఆయ్‌తా జనంలో ఎక్కువ. వాళ్ల ఆనవాళ్లు మొదట దొరికింది మాత్రం సైబీరియాలో. మధ్యలో ఎక్కడ ఉన్నారు? టిబెట్ పీఠభూమిలో షియాహె దవడను 2019లో పన్నులోని మాంసకృత్తులతో గుర్తించారు. లావోస్ గుహలో దొరికిన ఒక బాలిక దవడ పన్ను, 1,31,000 నుంచి 1,64,000 ఏళ్లది, డెనిసోవన్‌దే కావచ్చని 2022లో అన్నారు. చైనాలోని హార్బిన్ పుర్రె ఎవరిదో 2025లో తేలింది. అందుకు పనికొచ్చినవాటిలో పళ్లకు పట్టిన గార నుంచి తీసిన డీఎన్‌ఏ ఒకటి. చలి కొండల నుంచి ఉష్ణ అడవుల దాకా ఒకే జాతి పరుచుకున్న సంగతి పళ్లు, దవడలే చూపించాయి.

ఒక్క పన్ను చూసి ఇంత చెప్పడం అతి కాదా?

ఒక్కోసారి అతే అయింది. 1922లో అమెరికాలోని నెబ్రాస్కాలో దొరికిన పన్నును మానవ సంబంధి జీవిదని హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ ప్రకటించారు. అది పందిని పోలిన పెక్కరీ జంతువుదని 1927కల్లా తేలింది. మన శివాలిక్ కొండల రామపిథెకస్‌ను దవడ, పళ్ల ఆధారంగా చాలాకాలం మానవుల పూర్వీకుడని పాఠాల్లో చదువుకున్నాం. అది ఒరాంగుటాన్ వైపు చుట్టమైన శివపిథెకస్ అని తర్వాత తెలిసింది. అదే 1927లో డేవిడ్‌సన్ బ్లాక్ ఒక్క దవడ పన్నును నమ్మి పెకింగ్ మానవుడికి పేరు పెట్టాడు. తర్వాత దొరికిన పుర్రెలు ఆయన్ను సమర్థించాయి. ఇప్పుడు స్కాన్లు, రసాయన పరీక్షలు ఉన్నాయి కాబట్టి ఆకారం ఒక్కదాన్నే నమ్ముకోనక్కర్లేదు.

బిల్లసర్గంలో అసలు ఏం దొరికాయి?

కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో ఈ గుహల్లో శిలాజ ఎముకలున్నాయని రాశాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1884-85 ప్రాంతంలో తవ్వారు. ఆ ఎముకల్నీ పళ్లనీ రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి, 1886లో కర్నూలు పేరుతో ఒక ఖడ్గమృగం జాతికి పేరు పెట్టాడు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లు వెలికితీశారు. తర్వాత కొరిశెట్టర్, పెట్రాగ్లియా బృందం మళ్లీ బిల్లసర్గం తవ్వింది. గత 2,00,000 ఏళ్లలో ఇక్కడి జంతుజాతుల్లో దాదాపు అన్నీ ఉపఖండంలో నిలిచాయని ఆ ఆధారాలతో 2014లో చూపించారు. వేట జంతువులు అంత స్థిరంగా ఉన్న చోట మనుషులు నిలవడంలో వింత లేదు.

పన్ను చూసి కులం, మతం, భాష చెప్పవచ్చా?

చెప్పలేం. ఎవరైనా చెప్పారంటే నమ్మవద్దు.

మా చేలో, గవిలో పన్ను దొరికితే మనిషిదో కాదో ఎట్లా తెలుస్తుంది?

నమిలే ముఖం చూడండి. నెలవంకల్లాంటి మడతలుంటే ఆవు, మేక, జింకలవి. మన దగ్గర దొరికేవాటిలో ఇవే ఎక్కువ. రెండు అడ్డగట్లు ఉంటే కోతి, కొండముచ్చువి. గుండ్రటి చిన్న గడ్డలుంటే మనిషిదో, పందిదో. ఈ రెండింటి దగ్గర నిపుణులే తడబడ్డారు, మీరు తేల్చబోవద్దు.

కదిలించకుండా ఉండగలిగితే అదే మేలు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, ఫోన్‌లో ఆ చోటును గుర్తు పెట్టుకోండి, ఏ లోతులో, ఏ రంగు మట్టిలో ఉందో రాసుకోండి. కడగవద్దు, బ్రష్‌తో రుద్దవద్దు, జిగురు పూయవద్దు. గార పోతే అందులోని డీఎన్‌ఏ, తిండి గింజల ఆనవాళ్లు పోతాయి. పురావస్తు శాఖకు గాని, దగ్గరి విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం, చరిత్ర విభాగాలకు గాని చెప్పండి.

ఇంట్లో దాచుకుంటే నష్టమేంటి?

చోటు పోతుంది. 1935లో జర్మన్-డచ్ శాస్త్రవేత్త ఫాన్ కోనిగ్స్‌వాల్డ్‌కు హాంకాంగ్ మందుల అంగట్లో, డ్రాగన్ ఎముకల పేరుతో అమ్మే సరుకులో, భారీ వానరం దవడ పన్ను దొరికింది. జైగాంటోపిథెకస్ అని పేరైతే పెట్టాడు గానీ అది ఏ గుహదో, ఏ కాలందో చెప్పడానికి ఆధారం లేదు. అది మనిషి పూర్వీకుడని కూడా కొందరు వాదించారు. చైనా శాస్త్రవేత్తలు 1950లలో గువాంగ్షీ గుహల్లో దాని పళ్లను, దవడల్ని స్వయంగా తవ్వి తీశాకే దాని కాలం, దాని నేల తెలియడం మొదలైంది. ఒరాంగుటాన్‌కు దగ్గరి చుట్టమని ఎనామిల్ మాంసకృత్తులతో రుజువైంది 2019లో.